పారేసినవాటి లెక్క

బ్రనోలో అర్ధరాత్రి. చివరి ట్రామూ వెళ్లిపోయింది.
వ్లస్తా తెరమీద పారేసినవాటి లెక్క:
నలభై ఒకటి. నలభై రెండు.

గంట ఒక్కసారే మోగుతుంది.
ఆపైన కెర్నెల్ దాని నోరు నొక్కి
తనే వచ్చి గంపలకెత్తుకుంటుంది.
లోపలి మాట చదవదు;
నుదుట రెండు బైట్లు చాలు.
సున్నా ఎనిమిది, సున్నా సున్నా: ఈ గుమ్మం.
"ఈ అడ్రసు ఎవరిది?" అని కేకేసేదా, పక్క గుమ్మం.
ముందే పేరు రాయించుకున్న గుమ్మాలకే పిలుపు.

ఇవి ఏ గుమ్మానివీ కావు.
ఊరి చివర ఉన్ని మిల్లులో పాత మగ్గం ఒకటి
తయారుచేసినవాళ్లే మరిచిన భాషలో
ఇంకా పలకరిస్తోంది.
తప్పేం లేదు దానిది.

టీ చల్లారింది.
వ్లస్తా కొత్త గుమ్మం కట్టింది, పదకొండు లైన్లతో.
బదులు చెప్పడం రాదు దానికి, వినడమే.

ఇంకొకటి వచ్చింది.
నలభై రెండు
నలభై రెండుగానే ఉంది.