వీపు వెనక వేళ్లు

సర్వీసు నూకరత్నానిది, నెట్ నాది.
వీపు వెనక దాచి రెండు వేళ్లు చూపిస్తే
"ఊఁ" అనేది.
పదకొండేళ్లు మా మధ్య నడిచిన భాష అంతే.

వాల్తేరు రైల్వే కోర్టులో నేర్చుకున్నాం.
మూడు దాటితే సముద్రం గాలి
లాబ్‌ని ఎత్తుకుపోయి కంచె అవతల పడేసేది.
పోర్టు ఎర్రధూళిలో గీతలు కనపడేవి కావు;
బంతి అవుటో కాదో
తన మొహం చూసి తెలుసుకునేదాన్ని.

ర్యాంకు నూట ఎనభై దగ్గరే ఆగిపోయింది.
తాష్కెంట్, అంతల్యా, ఇండోర్.
చెక్కులో సగం, మంచంలో సగం,
నూడుల్స్ గిన్నెలో సగం.
ఓటమి మాత్రం ఎవరిది వాళ్లకి నిండుగా.

పేపర్లో ఒక్కసారి ఫొటో వేశారు:
తన మొహం, నా జడ.

నా మోకాలి ఆపరేషన్ తర్వాత
తను ఇంకో అమ్మాయితో ఆడింది. టీవీలో చూశాను.
ఆ పిల్ల మూడు వేళ్లు చూపించింది.
మాకు మూడు లేదు.

ఇప్పటికీ మద్దిలపాలెంలో బస్సు కోసం నిలబడితే
చెయ్యి దానంతటదే వెనక్కి పోతుంది.
నిన్న నా వెనక కవళ్ల బుట్టతో ఓ ముసలామె
"ఏటమ్మా, రెండొందలా?" అంది.
కాసేపు ఆలోచించి,
"ఊఁ" అంది.

కొనక తప్పలేదు.