మూడు మాటల డ్యూటీ

రాత్రి వానకు బడి గోడ కూలింది.
పక్కింటి యాదమ్మవ్వ గజ్వేల్‌ల దావత్‌కు పోయింది.
లోపల పెట్టి తాళమేసి పోదామంటే నాకు తొమ్మిదేండ్లే.
అట్ల, బోరబండల బస్సెక్కి
అమ్మ వెంట అమీర్‌పేట మెట్రో స్టేషన్‌కు పోయిన.

అమ్మ చున్నీ మడిచి సంచిల పెట్టి
నీలం అంగీకి పేరు బిళ్ళ తగిలించుకుంది:
బి. అండాలు.
బస్తీల ఆ పేరు ఎవ్వరికీ ఎర్కలేదు.
అక్కడ ఆమె వినోద వాళ్ళమ్మ.
వినోదను నేను.

ఆడోళ్ళను చెక్ చేసే గదంటే
మూడు దిక్కుల రేకు, నాలుగో దిక్కు పచ్చ తెర.
లోపల ఒక టేబుల్. దాని కింద నేను,
నాకు తోడు ఒక అట్టపెట్టె.
పెట్టెల లైటర్లు, ఒక స్క్రూడ్రైవర్,
ధర చీటీ ఊడని కూరగాయల కత్తి,
ఎవరిదో ఒంటి జూకా.
"ముట్టకు" అంది అమ్మ.

ఏడింటికి, "చేతులు పైకెత్తుండ్రి అమ్మా."
ఎనిమిదింటికి, "చేతులెత్తుండ్రి."
తొమ్మిది దాటినంక
చేతులు.
తిరుగు.
పో.
ఒక్కొక్కరికి మూడు మాటలు,
నడుమల ఆ కట్టె కుయ్ మనుడు.

నాకైతే కాళ్ళే కనబడినయి.
రాత్రి డ్యూటీ దిగిన నర్సమ్మ తెల్ల బూట్లు,
కొత్త చెప్పు కరిచిన మడమ,
బురఖా అంచుకు ఎర్రగడ్డ బురద.
ఆ బురద కాళ్ళామె లోపలికి రాంగనే
ముఖం మీది బట్ట ఎత్తి, "పానీ హై?" అనడిగింది.
అమ్మ నా సీసా ఇచ్చింది.
గటగట తాగి, మళ్ళ బట్ట దించుకొని పోయింది.

ఐదుకో అడ్డగీత కొట్టి లెక్కపెట్టిన.
నాలుగొందల పదిహేను కాడ పెన్సిల్ మొన విరిగింది.
ముట్టొద్దన్న కత్తితోనే చెక్కిన.
ఆ సందుల ఎంతమంది పోయిన్రో లెక్క తప్పింది.

పగటీలి జనం పలచబడ్డప్పుడు
ఫర్జానా ఆంటీ తన కుర్చీల కూసోబెట్టుకుంది.
తెర మీద సంచులన్నీ లోపలి బొక్కలతోని నడుస్తున్నయి.
గిన్నె నీలం, గిన్నెల అన్నం నారింజ.
"బిర్యానీ కూడా నారింజేనా?"
"బిర్యానీ భీ."
నాకు నమ్మబుద్ధి కాలే.

అప్పుడే సూపర్‌వైజర్ వచ్చిండు.
"ఈ పిల్ల ఎవరు?"
అమ్మ గొంతు సన్నగైంది.
అంత సన్నటి గొంతు ఇంట్ల ఎన్నడూ వినలే.
ఫర్జానా ఆంటీ అందుకుంది, "మా అన్న బిడ్డ సార్."
"పేరేంది?"
"సనా" అన్న నేను, టక్కున.
ఆయన నా నుదుటి బొట్టు చూసిండు.
చాలాసేపే చూసిండు.
ఇంకేం అడగకుండ పోయిండు.

నాలుగింటికి ఒక కాలేజీ అక్క తెర జరిపి వచ్చింది.
చేతులెత్తింది.
ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండంగ ఏడ్వవట్టింది.
చప్పుడు లేదు,
చీలమండల కాడ పట్టీలు వణుకుతున్నయంతే.
అమ్మ ఏమైందని అడగలే.
కట్టెను భుజం నుంచి మెల్లగ కిందికి జార్చింది,
మళ్ళ మీదికి, మళ్ళ కిందికి.
తిరుగు, అన్నది. ఇంకోసారి తిరుగు.
బయట లైను లొల్లి పెడుతుంది,
"లోపల ఏం చేస్తున్నరు?"
ఆ అక్క ముక్కు చీదుకున్నంక
అమ్మ "పో" అన్నది.
ఆ మాటను అట్ల కూడా అనొచ్చని నాకు తెల్వదు.

వెనకాలనే వచ్చినామె
"చేతులు దూరం పెట్టు, పట్టుచీర" అన్నది.
ఆమెకూ అవే మూడు మాటలు.

రాత్రి దండెం మీద అంగీ ఆరేస్తుంటే
అమ్మ చేతులు భుజాల పైకి లేవలే.
స్టూలెక్కి నేనే ఆరేసిన.
ఎదురుంగ నిలబడి రెండు చేతులూ చాపిన, ఆటకు.
అమ్మ కండ్లు మూసుకొనే
"పో, పడుకో పో" అన్నది.

ఇప్పుడు అదే స్టేషన్‌ల దిగి కాలేజీకి పోత.
అమ్మ ఆ డ్యూటీ ఇడిచి నాలుగేండ్లైంది.
తెర వెనక ఇంకెవరో, పేరు బిళ్ళ వంకరగ.
చేతులెత్తుత, తిరుగుత.
పోయే ముందు వంగి
చెప్పు సదురుకున్నట్టు చేసి
టేబుల్ కింద ఒకసారి చూస్త.