ట్రామ్ టిక్కెట్టు

మూతి దాకా కర్ర కప్పుకున్న తుపాకీ.
రోస్‌విటా దాన్ని బల్లమీద పెట్టి చేతులు కట్టుకుంది:
"మొదటి గుండు చెప్పినచోటికే పోతుంది.
రెండోది బెత్తెడు ఎడమకి.
మూడోది దాని ఇష్టం."

ఫెర్లాఖ్‌లో నవంబరు. కిటికీ అద్దం చెమర్చింది.
మరలు బిగించబోయాను, బిగువుగానే ఉన్నాయి.
గొట్టంలోకి దీపం పట్టి చూశాను,
డెబ్బయ్యేళ్ళ చాళ్ళు ఇంకా పదునుగానే మెలితిరుగుతున్నాయి.
దుర్భిణి ఊడదీసి, పాత ఇనుప గురితో నేనే కాల్చాను.
అదే వరస.

ఇక మిగిలింది కర్ర.
నరికి ఎన్నేళ్ళయినా వాన వాసనకి ఉబ్బుతుంది.
వేడెక్కిన ఇనుము సాగబోతే
మెడ పట్టుకుని పక్కకు తోస్తుంది.

మూతి తొడుగు విప్పి గొట్టం పైకెత్తితే
కింద నాలుగు మడతల కాగితం.
గ్రాత్స్ ట్రామ్ టిక్కెట్టు,
కండక్టరు పొడిచిన చిల్లుతో సహా
నూనె తాగి గోధుమరంగు తేలింది.
"తాతయ్యది," అంది. ఇంకేమీ అనలేదు.

తీసి పక్కన పడేశాను, చదువుకున్నవాణ్ణి కదా.
మసి అంటినచోటల్లా కర్రని గీకాను
ఉల్లిపొర మందాన.
మర్నాడు కొండకింద కాల్చిచూస్తే
అట్టనిండా చిల్లులు,
కోళ్ళకి గింజలు జల్లినట్టు.

నవ్వాపుకోడానికి ఆమె చాలా కష్టపడింది.

టిక్కెట్టు మళ్ళీ మడిచాను, ఆయన మడతలమీదే.
వేలెడు వెనక్కి జరిపాను. అంతే నా పనితనం.
మూడు గుండ్లు, మధ్య మధ్య ఊపిరి వదులుతూ.
మూడు చిల్లులూ ఒక్క కోటుబొత్తాం కింద దాక్కున్నాయి.

బిల్లులో ఏం రాయాలో తోచలేదు.
"కాగితం: పాతదే" అని రాశాను.