కొసరు

ప్రశ్నలు పదకొండు.
ఒక్కోదానికీ ఐదు ముఖాలు,
ఏడుపు నుంచి ఇకిలింపు దాకా.
ట్యాబ్లెట్ తెర మీద వేలు ఆనిస్తే చాలు.

మ్బీతా క్లినిక్ వెనక, నీళ్ల ట్యాంకు నీడలో
రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని
కుటుంబ నియంత్రణ గదిలోంచి వచ్చే ఆడవాళ్లని ఆపడం నా పని.
మనిషికి పావుగంట. చివర్లో ఓ సబ్బు.

అపోండి వచ్చి కూచుంది.
ఒళ్లంతా ఒమేనా చేపల వాసన.
ఎడమ జబ్బని కుడి అరచేత్తో కప్పుకుని ఉంది.

నర్సు మర్యాదగా మాట్లాడిందా?
ఐదు.
నీ మాట పూర్తయ్యేదాకా ఆగిందా?
ఐదు.
నేను అడగడం కాకముందే ఐదు.
కోడి గింజలేరినట్టు
చివరి ముఖాన్నే పొడుచుకుంటూ పోయింది ఆమె వేలు.

పదకొండు ఐదులు యాభై ఐదు.
కిసుములో ఆఫీసువాళ్లు సంబరపడతారు.
గోడ మీది చార్టులో మా క్లినిక్ గీత
ఇంకో వేలెడు పైకి పాకుతుంది.

సబ్బు తీసుకుంది, లేవలేదు.
ట్యాబ్లెట్ వంక చూస్తూ అడిగింది:
"నీ డబ్బా అడుగు సరిగ్గానే ఉందా?"

నాకు అర్థం కాలేదు.
బుట్టలోంచి తగరపు డబ్బా తీసింది,
ఒడ్డున ఒమేనా కొలిచే గొరొగొరొ.
బోర్లించి చూపించింది.
అడుగుని ఎవరో రాయితో లోపలికి కొట్టారు,
పిడికిలి పట్టేంత సొట్ట.

"పైనుంచి చూస్తే నిండుగానే కనిపిస్తుంది.
పొర్లిపోయేలా పోసి మరీ ఇస్తాడు.
ఇంటికెళ్లి వంపుకుంటే కదా
గుప్పెడు తగ్గిందని తెలిసేది."

జబ్బ మీంచి చెయ్యి తీసింది.
చర్మం కింద అగ్గిపుల్లంత ఉబ్బు.

"ఇది తీసెయ్యమని వచ్చాను.
మార్చి నుంచి నెలకి ఇరవై రోజులు నెత్తురే.
పడవ వచ్చేసరికి నిలబడి బేరమాడలేకపోతున్నా.
క్వాంబోకా మంచి మనిషి, కాదనను.
కుర్చీ వేసింది. పిల్లాడి పేరు అడిగింది.
ఐదేళ్ల మందు కదమ్మా, రెండేళ్లకే తీస్తే ఎట్లా,
ఇంకో మూణ్ణెల్లు ఓర్చుకో అంది.
ఆ ఓర్చుకో కూడా మర్యాదగానే అంది.
నీకు నేనేం అబద్ధం చెప్పలేదు."

మరి ఇదంతా ముందే ఎందుకు చెప్పలేదు?

"నువ్వడగలేదు."
కాసేపాగి, గొంతు తగ్గించి,
"మూణ్ణెల్లకి ఈ చెయ్యి పట్టుకునేదీ ఆవిడే,
కత్తి పట్టుకునేదీ ఆవిడే.
ఒకటి నొక్కమంటావా?"

కిటికీలోంచి క్వాంబోకా పిలుస్తోంది,
పొద్దుట్నించి ముప్పై తొమ్మిదో పేరు.
గొంతు జీరబోయింది.
ఆవిడ బల్ల మీదా ఒక ఫారం ఉంటుంది, నేను చూశాను.
ఎన్ని పెట్టారో రాయడానికి గడి ఉంది.
ఎన్ని తీశారో రాయడానికి లేదు.

నా ఫారం అడుగున 'ఇతర వివరాలు'.
నూట నలభై అక్షరాలకి మించి పట్టదు.
తీయమని వచ్చింది, తీయలేదు అని మొదలుపెట్టాను.
నెత్తురు దగ్గరికి వచ్చేసరికి
చోటు అయిపోయింది.

అపోండి లేచింది.
పాత పేపరు ముక్కలో గుప్పెడు ఒమేనా పోసి
నా ఒళ్లో పెట్టింది.
వద్దన్నాను, సబ్బుకి బదులు వద్దు.

"బదులు కాదు, కొసరు.
ఒడ్డున కొలత అయ్యాక అందరం వేస్తాం.
దయతో అనుకునేవు.
డబ్బా సంగతి మాకు తెలుసు, అందుకని."

తర్వాత వచ్చినావిడ చిన్నపిల్ల, పంతొమ్మిది ఉంటాయేమో.
వేలు ముందే చాచి కూచుంది.
ట్యాబ్లెట్ ఒళ్లో బోర్లించాను.
లోపలికి ఏం కావాలని వెళ్లావమ్మా?

నా వంక చూసింది, సబ్బు వంక చూసింది.
"ఇది ఆ పదకొండులో ఉందా?" అంది.