రోజుకు మూడాటల పాము

రిక్షాకి అటొక అట్ట, ఇటొక అట్ట,
మధ్యలో మైకు పట్టుకుని నేను.
సఖినేటిపల్లి రేవు నుంచి మలికిపురం సెంటరు దాకా
కాలవ గట్టెమ్మట అరుచుకుంటూ పోయేవాణ్ణి:
"నూటయాభై అడుగుల పామండీ బాబూ!
గుండెజబ్బున్నోళ్ళు రావద్దండీ!"
గుండెజబ్బున్న వీరభద్రంగారు
మొదటాటకే వచ్చి ముందు బెంచీలో కూర్చున్నారు.

ఆ పాముది ఏ దేశమో తెలీదు.
మాటలు మాత్రం మద్రాసులో ఎవరో అతికించినవి.
అడవిలో తెల్లదొర "ఓరి నాయనోయ్, చచ్చాన్రోయ్" అంటే
నేలంతా ఒకటే ఈల.
మొదటి రీల్లో మండువా ఇంటంత ఉన్నది
మూడో రీల్లో స్నానాలగది గొట్టంలో దూరింది.
పొట్ట కింద కుట్టు కనబడింది.
"ఒరే, మన టైలరు పోలయ్యే కుట్టాడ్రా, దారం చూడు!"
పోలయ్య చీకట్లోనే లేచి నిలబడ్డాడు:
"అంత వంకరగా నేను కుట్టనండీ."

నవ్వినోళ్ళెవరనుకున్నారు?
పొద్దున ఊడ్పుచేలో నీరుకట్టెని
కాలితో పక్కకి తోసి వచ్చినవాళ్ళు.
కొబ్బరి మొవ్వులో బుస వినబడితే
అది దాని దారిన పోయేదాకా
ఊపిరాపి ఆకాశంలో అలాగే వేలాడినవాళ్ళు.
దింపులు తీసే ఏసుపాదం తీర్పు చెప్పేశాడు:
"ఆయ్, ఇది కొండచిలవండి. దీనికి పడగేటండి?
కాటేటండి? చుట్టుకోవాలి గానీ."
పక్కవాడు ఊరుకోలేదు:
"డబ్బులెట్టి చూత్తన్నాం, పడగ కూడా ఉండాలొరే."
నాకది ఇప్పటికీ సబబుగానే తోస్తుంది.

ఇంటర్వెల్లో సోడాకాయ గోళీ టప్పుమంటే
సగం హాలు కాళ్ళు బెంచీ మీదికి లాగేసుకుంది.
రెండో ఆట వదిలాక
కడుపుబ్బ నవ్విన ఆ జనమే
గట్టు మీద కర్రలతో నేల కొట్టుకుంటూ,
పెద్దగా దగ్గుకుంటూ ఇళ్ళకి నడిచారు.

అప్పాయమ్మ మాత్రం నవ్వలేదు.
వరసగా మూడు రోజులు, నేల టిక్కెట్టు, స్తంభానికి ఆనుకుని.
నాలుగోనాడు గేటు దగ్గర నన్నాపింది.
"బాబూ, ఆ పిల్లోడికి కాటేశాక
ఇమానంలో సూదిమందు అట్టుకొచ్చారు చూడు,
అదెక్కడ దొరుకుద్ది?"
అది సినిమా అమ్మా, అన్నాను.
"పాము సినిమాదని నాకూ తెలుసులేవయ్యా.
మందు కూడానా?"

ఆమె పెనిమిటి సంగతి తర్వాత రేవులో చెప్పారు.
కుప్పనూర్పుల రాత్రి, పనల కింద రక్తపింజరి.
నులకమంచం మీద రేవుకి మోసుకొచ్చారు.
పంటు నర్సాపురం ఒడ్డున కట్టేసి ఉంది.
కేకలేశారు. లాంతరు ఊపారు.
అవతల ఎవరో కూడా లాంతరు ఊపారట,
ఏమనుకుని ఊపారో.

మర్నాడు మైకులో గుండెజబ్బు ముక్క వరకే చెప్పాను.
"ఆఖరి నిమిషంలో ప్రాణం నిలబెట్టే వీరుణ్ణి చూడండి"
అన్న ముక్క గొంతులోనే ఉండిపోయింది.
"గొంతు పోయిందేంట్రా, టిక్కెట్లు తెగట్లేదు"
అని ఓనరు విసుక్కున్నాడు.
పిల్లలు అప్పటికే పాత సైకిల్ ట్యూబుకి
సుద్దముక్కతో కళ్ళు గీసి
ఆడవాళ్ళ బిందెల మధ్యకి విసురుతున్నారు.

ఆదివారంతో ఆట ఎత్తేశారు.
రేకుపెట్టెల్లో చుట్టచుట్టుకు పడుకున్న పాముని
మా రిక్షాలోనే రేవుకి తోలాం.
ఏడు పెట్టెలు, ఏడు తాళాలు,
మూత మీద నర్సాపురం హాలు పేరు.
ఇంకా మంచు విడలేదు.
పంటు అప్పటికే ఇవతలి ఒడ్డున ఉంది,
బల్ల దించి,
మా కోసమే అన్నట్టు.