ఒక రింగిట్‌కు ఏరు

కూచింగ్ ఊరిని సరవాక్ నది రెండుగా కోసింది.
అటు బజారు, ఇటు మేము,
మధ్యలో సపావీ.

ముప్పై ఏళ్ళుగా తెల్లారేసరికి
రెండు చేతులా పొరల కేకు పెట్టెలతో
బోయాన్ రేవు మెట్లు దిగుతాను.
అతను పడవ ముక్కు దగ్గర నిలబడి
రెండు తెడ్లూ కత్తెరలా వేసి
నీటిని కత్తిరిస్తాడు. మాట్లాడడు.
డబ్బులు చేతికివ్వకూడదు, బల్ల మీద పెట్టి దిగాలి.
నాణేల రోజుల్లో చప్పుడు విని లెక్క తెలుసుకునేవాడు.
ఇప్పుడు కాగితం రింగిట్.
దానికి చప్పుడు లేదు.

ఏట్లో ఎవరి తొందర వాళ్ళది.
సాయంత్రం షికారు ఓడ
దీపాలతో, పాటలతో వస్తుంది.
అది లేపిన అలకు మా పడవలన్నీ తలలూపుతాయి,
ఒప్పుకున్నట్టు కాదు, ఓర్చుకున్నట్టు.
పోలీసు బోటు నురగ గీత గీసి పోతుంది.
పందేల నెల దగ్గరపడితే
ఒక్క పొడుగు పడవలో ముప్పైమంది కుర్రాళ్ళు
ఒకే ఊపిరి పీలుస్తూ దూసుకొస్తారు.
సపావీ తెడ్లెత్తి ఆగుతాడు.
అందరూ పోయాక మేం దాటుతాం.

తర్వాత వంతెన వచ్చింది.
పాములా వంకర తిరిగి, బంగారు రంగు పూసుకుని,
నడిచేవాళ్ళకు ఉచితం.
ఓడలు బళ్ళవుతాయని విన్నాను గానీ
ఏరే వీధైపోవడం అప్పుడే చూశాను.

నేనూ ఎక్కాను. దాచేదేముంది?
మెట్ల మీద పాకుడు, మోకాళ్ళ నొప్పి,
రాకపోకలకు మిగిలే రెండు రింగిట్లు,
రోజుకో సాకు.
వారం పాటు కిందికి చూడకుండా నడిచాను.

ఎనిమిదో రోజు చెమట కళ్ళలో పడి
వంతెన నడుమ ఆగాను.
కింద అతని పడవ.
ఎక్కినవాళ్ళు లేరు,
అయినా వేళకు దాటుతోంది.
ముప్పై ఏళ్ళు ఆ కప్పు కింద కూర్చున్నదాన్ని,
దాని వీపు ఎప్పుడూ చూడలేదు.
రెండు చేపలు ఎండుతున్నాయి.
తిరగేసి కట్టిన ఎన్నికల ఫ్లెక్సీలో
ఎవరిదో సగం నవ్వు.
ఓ మూల చిల్లు పడ్డచోట మేకులు కొట్టి
ఎర్ర గులాబీల రేకు మూత.

నాదే!
పదకొండేళ్ళ కిందట పోయిన కేకు డబ్బా మూత.
దాని కోసం పక్కింటి జెనాబ్‌తో
రెండు రంజాన్లు పలకలేదు నేను.

మర్నాడు రేవు మెట్లు దిగాను.
"వంతెన మీద గాలి బాగుంటుందటగా" అన్నాడు.
అంతే.

నడి ఏట్లో వాన అందుకుంది.
చెక్క మీద ఒక చప్పుడు,
ఫ్లెక్సీ మీద ఇంకో చప్పుడు.
నేనెప్పుడూ కూర్చునే మూలకు
సరిగ్గా నా నెత్తి మీద మాత్రం
టంగు టంగుమని రేకు.

మూత సంగతి అడగలేదు.
దిగుతూ ఒక రింగిట్ బల్ల మీద పెట్టి,
గాలికి ఎగిరిపోకుండా
కేకు ముక్క ఒకటి
బరువు పెట్టాను.