రెండో టేకు

మార్సేయ్ ఉత్తరపు వాడలో
పదమూడంతస్తుల నీడ కింద
సినిమా వాళ్లు మెట్లమీద ఎర్రరంగు పోశారు.

సోయిలీకి పదకొండేళ్లు.
నిన్నటిదాకా గేటు దగ్గర
విరిగిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని
పోలీసు కారు కనబడితే కేకేయడం వాడి పని.
ఇవాళ చచ్చిపోవడం.
కూలి కాస్త నయం, పైగా శాండ్‌విచ్.

"పడు" అన్నాడు డైరెక్టరు.
పడ్డాడు.
"భలే! ఇంకోసారి."

"అట్లా కాదు సార్," పడుకునే అన్నాడు వాడు,
"ముందు బూటు ఊడుతుంది.
ఎడమకాలిది.
మూడు మెట్లు దొర్లి, గోడకి ఆనుకుని ఆగుతుంది.
తర్వాతే మనిషి."

స్క్రిప్టు పిల్ల ఆ మాట రాసుకుంది.
కెమెరా అతను
తుడిచిన లెన్సునే మళ్లీ తుడిచాడు.

చీకటి పడ్డాక, కుర్చీ దగ్గరికి పోయేముందు,
రెండు సైజులు పెద్దవైన అన్న బూట్లకి
లేసులు
పళ్లతో లాగి
ముడి మీద ముడి వేసుకున్నాడు.